పదిహేనేళ్ల కుర్రాడు ఎన్ని గంటలు పని చేయొచ్చు?

జూన్ 12 ప్రపంచ బాల కార్మిక వ్యతిరేక దినం. ఏటా ఆ రోజుకు ముందు మా బ్రాంచి నోటీసు బోర్డు మీద ఒక పోస్టరు అతికిస్తాం. ముప్ఫై ఏళ్ల సర్వీసులో అలాంటి పోస్టర్లు చాలా అతికించాను. అయితే వాటి వెనకున్న చట్టం ఏం చెబుతుందో పోయిన శ్రావణమాసం దాకా నేను చదవలేదు. నా చేత చదివించినవాడు ఒక పదో తరగతి కుర్రాడు.

ఆ శ్రావణంలో మా పెద్దమ్మాయి పెళ్లి చేశాం. బ్యాంకు వాళ్ల ఇళ్లల్లో పెళ్లంటే మీకు తెలియంది కాదు. ఇప్పటి బ్రాంచి వాళ్లు, పాత బ్రాంచీల వాళ్లు, రీజనల్ ఆఫీసు వాళ్లు, ఎప్పుడో కలిసి పనిచేసి రిటైరైన వాళ్లు, అందరూ వచ్చారు. రిసెప్షన్ రాత్రి ఏడున్నరకు మొదలైతే చివరి బంతి లేచేసరికి పన్నెండు. వడ్డన బాగుందని అందరూ మెచ్చుకున్నారు. నాకూ సంతోషమే.

రెండు వారాల తరువాత ఒక సోమవారం, ఒక తల్లీ కొడుకూ ఖాతా తెరవడానికి నా టేబుల్ దగ్గరకు వచ్చారు. కుర్రాడు నన్ను చూసి నవ్వాడు.

"సార్, మొన్న మీ అమ్మాయిగారి పెళ్లిలో ఐస్‌క్రీమ్ దగ్గర నేనే ఉన్నా."

"పెద్ద ఫంక్షన్ అయితే రాత్రికి నాలుగు వందలిస్తారు సార్," అంది తల్లి. "వీడి డబ్బు వీడి పేరు మీదే వేద్దామని తీసుకొచ్చా."

ఫారంలో పుట్టిన తేదీ చూశాను. పదిహేనేళ్ల రెండు నెలలు. పదేళ్లు నిండిన మైనరు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చు కాబట్టి ఖాతాకు ఇబ్బంది లేదు. మాటల్లో మాటగా అడిగాను.

"ఆ రాత్రి ఇంటికి ఎన్నింటికి చేరావు బాబూ?"

"గిన్నెలన్నీ వ్యాన్‌లో ఎక్కించేసరికి రెండైంది సార్."

"మరి పొద్దున బడి?"

"రెండో పీరియడ్‌కి వెళ్లా సార్."

సంతకాలయ్యాక వాడే ఒక ప్రశ్న వేశాడు. "పద్నాలుగు దాటితే పని చేయొచ్చంట కదా సార్? మా మేస్త్రి అన్నాడు. నిజమేనా?"

మైనరుతో చేసుకున్న ఒప్పందం చెల్లదని మనకు ట్రైనింగ్‌లోనే నేర్పారు. మైనరు ఖాతాలో ఓవర్‌డ్రాఫ్ట్ ఇవ్వకూడదని తెలుసు. ఈ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. పైగా అది నా ఇంటి పెళ్లిలో పుట్టిన ప్రశ్న. "కనుక్కుని చెబుతా," అన్నాను. కనుక్కున్నదే ఈ వ్యాసం.

రెండు వయసులు, రెండు నియమాలు

ఈ విషయంలో దేశమంతటికీ వర్తించే ముఖ్యమైన చట్టం 1986లో వచ్చింది. అప్పట్లో దాని పేరు బాల కార్మిక (నిషేధం, క్రమబద్ధీకరణ) చట్టం. 2016లో పెద్ద సవరణ జరిగి, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి బాల, కౌమార కార్మిక చట్టంగా మారింది. కొత్తగా చేరిన 'కౌమార' అన్న మాటలోనే సవరణ సారం ఉంది.

1986 నాటి చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను కొన్ని ప్రమాదకరమైన పనుల్లో మాత్రమే నిషేధించింది. బీడీలు చుట్టడం, తివాచీలు నేయడం, అగ్గిపెట్టెలు, బాణసంచా తయారీ, సిమెంటు, తోళ్ల శుద్ధి వంటివి ఆ జాబితాలో ఉండేవి. 2006 అక్టోబరులో ఇళ్లల్లో పని, దాబాలు, హోటళ్లలో పని కూడా చేర్చారు. జాబితాలో లేని పనుల్లో పిల్లలను పెట్టుకోవడానికి అడ్డు లేదు, గంటల మీద పరిమితి ఉండేది, అంతే.

2016 తరువాత లెక్క మారింది. ఇప్పుడు చట్టం పిల్లలను రెండు వయసులుగా చూస్తుంది.

పద్నాలుగేళ్లు నిండనివారు బాలలు. వీళ్లను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. ప్రమాదకరమా కాదా అన్న ప్రశ్నే లేదు.

పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండనివారు కౌమారులు. వీళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మిగతా పనుల్లో పెట్టుకోవచ్చు కానీ గంటల నియమాలు పాటించాలి.

అంటే ఆ మేస్త్రి చెప్పింది సగం నిజం. పద్నాలుగు దాటితే పని చేయొచ్చు అన్నంతవరకు సరే. ఏ పని, ఎన్ని గంటలు, ఏ వేళల్లో అన్న మిగతా సగం ఆయన చెప్పలేదు.

వెనక ఉన్న కథ

ఈ గంటల లెక్క ఈనాటిది కాదు. 1881లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన మొదటి ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్ల లోపు పిల్లలను ఫ్యాక్టరీలో పెట్టరాదంది. ఏడు నుంచి పన్నెండేళ్ల వారికి రోజుకు తొమ్మిది గంటల హద్దు పెట్టింది. ఏడేళ్ల పిల్లవాడికి తొమ్మిది గంటలు! ఆనాటికి అదే సంస్కరణ.

మన వృత్తికి దగ్గరగా వచ్చే ఇంకో చట్టం 1933 నాటిది. దాని పేరే పిల్లల శ్రమ తాకట్టు చట్టం. తండ్రి అప్పు తీసుకుని, దానికి బదులుగా పిల్లవాణ్ణి పనికి పెడతానని రాసిచ్చే కాగితాలు అప్పట్లో మామూలు. పదిహేనేళ్ల లోపు పిల్లల శ్రమను అలా తాకట్టు పెట్టే ఒప్పందం చెల్లదని ఆ చట్టం చెప్పింది. బంగారం, పొలం, ఇల్లు తాకట్టు పెట్టుకునే ఉద్యోగంలో ఉన్న నాకు, ఒకప్పుడు పిల్లల్ని కూడా ఆ వరసలో నిలబెట్టారని చదివినప్పుడు మనసు చివుక్కుమంది.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 24వ అధికరణం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ఇతర ప్రమాదకరమైన పనుల్లో పెట్టరాదని శాసించింది. 1979లో ఏర్పడిన గురుపాదస్వామి కమిటీ సిఫారసుల మీద 1986 చట్టం వచ్చింది. 1996 డిసెంబరులో శివకాశి బాణసంచా పరిశ్రమ మీద వచ్చిన ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు, చట్టం మీరి పెట్టుకున్న ఒక్కో పిల్లవాడికి యజమాని 20,000 రూపాయలు కట్టాలని, ఆ సొమ్ము ఆ పిల్లల సంక్షేమానికి వాడాలని చెప్పింది. 2002లో రాజ్యాంగ సవరణ ద్వారా ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కు అయింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. బడిలో ఉండాల్సిన వయసు పద్నాలుగు దాకా అయినప్పుడు, ఆ వయసులో పనికి అనుమతి ఉండటంలో అర్థం లేదు. ఆ పొంతన కుదిర్చిందే 2016 సవరణ. మరుసటి ఏడాది, 2017 జూన్‌లో, కనీస వయసుకు సంబంధించిన 138వ, అతి హీనమైన బాల కార్మికతకు సంబంధించిన 182వ అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందాలను భారతదేశం ఆమోదించింది.

పద్నాలుగు లోపు: రెండే మినహాయింపులు

మొదటిది, ఇంటి పని, ఇంటి వ్యాపారం. బడి అయ్యాక, సెలవుల్లో, పిల్లవాడు తన కుటుంబానికి సాయం చేయొచ్చు. నాన్న కిరాణా కొట్లో పొట్లాలు అందించడం, పొలంలో అమ్మ వెంట కూరలు కోయడం ఇలాంటివి. అయితే 2017 నిబంధనలు దీనికి హద్దులు పెట్టాయి. బడి వేళల్లో చేయించకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు చేయించకూడదు. విశ్రాంతి పోను రోజుకు మూడు గంటలు మించకూడదు. పెద్దవాళ్లు చేయాల్సిన పనికి బదులుగా పిల్లవాణ్ణి నిలబెట్టకూడదు. ప్రమాదకరమైన పని సొంత ఇంటిదైనా సరే, పిల్లల చేత చేయించకూడదు. ఒక పిల్లవాడు చెప్పకుండా వరసగా ముప్ఫై రోజులు బడికి రాకపోతే ప్రధానోపాధ్యాయుడు సంబంధిత అధికారికి తెలియజేయాలి.

కుటుంబం అంటే ఎవరెవరో కూడా చట్టమే చెప్పింది. అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనత్త, పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని, మేనమామ. అంతవరకే. దూరపు బంధువునంటూ పల్లెటూరి నుంచి పిల్లను తెచ్చి, "మా ఇంట్లో పిల్లలాగే చూసుకుంటున్నాం" అని చెప్పుకునే వాళ్లకు ఈ మినహాయింపు రాదు.

రెండోది, నటన, ఆటలు. సినిమాలు, సీరియళ్లు, ప్రకటనలు, టీవీ పాటల పోటీలు, క్రీడలు ఇందులోకి వస్తాయి. సర్కస్ రాదు. మన బ్యాంకు కుటుంబాల పిల్లలు కూడా టీవీ పోటీల్లో పాల్గొంటున్నారు కాబట్టి ఈ నియమాలు తెలుసుకోవడం మంచిది. పిల్లవాడి ఇష్టం లేకుండా చేయించకూడదు. రోజుకు అయిదు గంటలు మించకూడదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు మించి నిలబెట్టకూడదు. నిర్మాత జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. చదువు ఆగకూడదు. వరసగా ఇరవై ఏడు రోజులు మించి పని చేయించకూడదు.

ఇందులో మన కౌంటరు దాకా వచ్చే నియమం ఒకటుంది. ఆ కార్యక్రమం ద్వారా పిల్లవాడికి వచ్చిన ఆదాయంలో కనీసం 20 శాతం, ఆ పిల్లవాడి పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా నేరుగా జమ చేయాలి. మేజరయ్యాక ఆ సొమ్ము అతనికే చెందాలి. ఉదాహరణకు లక్ష రూపాయలు వస్తే ఇరవై వేలు డిపాజిట్ కావాలి. ఎవరైనా చిన్నారి నటుడి తల్లిదండ్రులు మీ బ్రాంచికి వస్తే ఈ మాట చెప్పండి. చాలామందికి తెలియదు.

పద్నాలుగు నుంచి పద్దెనిమిది: గడియారం చెప్పే నియమాలు

ముందు, అసలు పెట్టకూడని పనులు. గనులు, త్వరగా అంటుకునే పదార్థాలు, పేలుడు పదార్థాలు, ఫ్యాక్టరీల్లో ప్రమాదకరమని గుర్తించిన ప్రక్రియలు. 2017లో ఈ జాబితాను ఇంకా విస్తరించారు. బాణసంచా తయారీలో పదిహేడేళ్ల కుర్రాణ్ణి కూడా పెట్టకూడదు. తల్లిదండ్రులు ఒప్పుకున్నా, కుర్రాడు ఒప్పుకున్నా సరే, కుదరదు.

ఇక మిగతా పనులు. బట్టల కొట్టు, జిరాక్స్ షాపు, పుస్తకాల దుకాణం, హోటలు, చిన్న వర్క్‌షాపు లాంటి చోట్ల పని చేసే కౌమారులకు చట్టంలోని ఏడో, ఎనిమిదో సెక్షన్లు ఇవి చెబుతాయి:

ఒక విడతలో మూడు గంటలు మించి పని చేయించకూడదు. మూడు గంటల తరువాత కనీసం ఒక గంట విశ్రాంతి ఇవ్వాలి.

విశ్రాంతితో, పని కోసం కాచుకుని కూర్చున్న సమయంతో సహా, రోజు మొత్తం ఆరు గంటలకు మించి సాగకూడదు.

రాత్రి 7 నుంచి ఉదయం 8 లోపు పని చేయించకూడదు.

ఓవర్‌టైమ్ లేదు.

ఒక చోట పని చేసిన రోజున ఇంకో చోట పని చేయించకూడదు.

వారానికి ఒక పూర్తి రోజు సెలవు. అది ఏ రోజో కొట్లో అందరికీ కనిపించేలా నోటీసు పెట్టాలి. మూడు నెలల్లో ఒకసారికి మించి ఆ రోజు మార్చకూడదు.

వీటికి తోడు యజమాని ఒక రిజిస్టరు ఉంచాలి. అందులో పేరు, పుట్టిన తేదీ, పని గంటలు, విశ్రాంతి వేళలు, చేసే పని రాయాలి. వయసు మీద తగవు వచ్చి సరైన ధ్రువపత్రం లేకపోతే ఇన్‌స్పెక్టరు వైద్యాధికారి దగ్గరకు పంపుతారు.

ఈ నియమాలు కాగితం మీద చదివితే తేలిగ్గా ఉన్నాయి. మన చుట్టూ ఉన్న పిల్లల మీద పెట్టి చూస్తేనే వాటి బరువు తెలుస్తుంది. నేను ఒక ఆదివారం కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేశాను.

ఉదయం 10కి మొదలైతే ఒంటిగంటకు ఆపాలి. రెండు దాకా విశ్రాంతి. మళ్లీ రెండింటి నుంచి నాలుగు దాకా. ఆరు గంటలు నిండాయి. అంటే అసలు పని అయిదు గంటలే. ఎలా తిప్పినా అయిదుకు మించదు.

పండగ సీజనులో బట్టల కొట్లో పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే పదహారేళ్ల అమ్మాయి: పన్నెండు గంటలు. ఆరు గంటల నియమం, ఏడింటి నియమం, చాలాసార్లు విశ్రాంతి నియమం, అన్నీ ఒకేసారి మీరినట్టే.

బడి అయ్యాక నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా జిరాక్స్ షాపులో ఉండే పదిహేనేళ్ల కుర్రాడు: చట్టానికి లోబడే ఉన్నాడు.

పొద్దున్నే అయిదింటికి ఏజెంటు దగ్గర పేపర్లు తీసుకుని ఏడింటికల్లా ఇళ్లకు వేసే తొమ్మిదో తరగతి కుర్రాడు: చేసేది రెండు గంటలే. అయినా ఉదయం ఎనిమిదికి ముందు పని చేయించకూడదు.

ఇక్కడ నేను కాస్త ఆగాల్సి వచ్చింది. పదో తరగతిలో నేనూ పేపర్లు వేశాను. అది 1985. ఈ చట్టం ఇంకా పుట్టలేదు. ఆ డబ్బుతోనే ఇంటర్ పుస్తకాలు కొనుక్కున్నానని మా పిల్లలకు ఎన్నోసార్లు గొప్పగా చెప్పాను. చెప్పనిది ఒకటుంది. ఆ ఏడాది లెక్కల క్లాసులో నిద్రపోయి బెంచీ మీద నిలబడ్డ రోజులు, అర్ధ సంవత్సరం పరీక్షల్లో వచ్చిన ముప్ఫై ఒక్క మార్కులు నేనెప్పుడూ చెప్పలేదు. చట్టం ఎనిమిది గంటల గీత ఎందుకు గీసిందో నాకు ఎవరూ వివరించక్కర్లేదు.

ఇక చివరి లెక్క. రాత్రి ఏడున్నరకు మొదలై, తెల్లవారుజామున రెండింటికి ముగిసే రిసెప్షన్‌లో ఐస్‌క్రీమ్ వడ్డించే పదిహేనేళ్ల కుర్రాడు. ఆరున్నర గంటలు. అందులో ఒక్క నిమిషం కూడా చట్టం ఒప్పుకునేది కాదు. ఆ కుర్రాడు నిలబడింది నేను డబ్బు కట్టిన పందిట్లో.

మీరితే ఏమవుతుంది?

పద్నాలుగు లోపు బాలను పనిలో పెట్టినా, కౌమారులను ప్రమాదకరమైన పనిలో పెట్టినా, ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే నేరం మళ్లీ చేస్తే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. 2016 తరువాత ఇవి పోలీసులు నేరుగా కేసు పెట్టగల నేరాలు. గంటల నియమాలు, రిజిస్టరు వంటివి మీరితే నెల వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ.

తల్లిదండ్రుల విషయంలో చట్టం కొంత దయ చూపింది. మొదటిసారి వాళ్లను శిక్షించదు. మళ్లీ అదే చేస్తే పది వేల వరకు జరిమానా వేయొచ్చు. పేదరికం నేరం కాదని చట్టానికీ తెలుసు.

వసూలైన జరిమానా ఎక్కడికి పోతుంది? బాల, కౌమార కార్మిక పునరావాస నిధికి. జరిమానా జమ అయిన ఒక్కో పిల్లవాడికి ప్రభుత్వం మరో 15,000 రూపాయలు కలుపుతుంది. ఆ సొమ్మును బ్యాంకుల్లో ఉంచి, వడ్డీతో సహా ఆ పిల్లవాడికే చెల్లించాలి.

ఇంకో రెండు చట్టాలు కూడా గుర్తుంచుకోవాలి. పద్దెనిమిది లోపు వారిని పనిలో పెట్టుకుని నిర్బంధించినా, వాళ్ల సంపాదన ఇవ్వకుండా తొక్కిపెట్టినా, 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద అయిదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఇక సరుకులు అందించి రమ్మని మైనరు చేతికి స్కూటరు తాళాలు ఇస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది.

ఆ తల్లి అడిగిన మాట

ఇదంతా చదివాక, చదువుకున్నవాళ్లందరూ చేసే పనే నేనూ చేశాను. కేటరరుకు ఫోను చేసి చట్టం చెప్పాను. ఆయన మంచివాడే, విన్నాడు. మర్నాటి నుంచి ఆ కుర్రాణ్ణి రావద్దన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

పది రోజులకు ఆ తల్లి బ్రాంచికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"మీరు మా మంచికే చెప్పారు సార్. కానీ ముహూర్తాలున్న నెలలో వాడికి మూడు నాలుగు వేలు వచ్చేవి. ఇంటద్దె అందులోంచే కట్టేదాన్ని. ఇప్పుడు ఎవరు కడతారు సార్?"

సెక్షన్లన్నీ నోటికొచ్చిన నాకు ఈ ప్రశ్నకు మాట రాలేదు. చట్టం గీత గీస్తుంది. గీతకు ఇవతల ఉన్న అద్దె సంగతి మనుషులే చూసుకోవాలి.

ఆ సాయంత్రం మా ఆవిడతో ఈ మాట చెబితే ఆమె ఒకటే అంది. "కొడుకు సంపాదన గురించి మాట్లాడారు సరే. తల్లి సంపాదన పెంచే దారి అడిగారా?"

అడగలేదు. మర్నాడు అడిగాను. ఆమె మా బ్రాంచిలోనే ఖాతా ఉన్న డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. ఇంట్లో దోసెల పిండి రుబ్బి వీధిలో నాలుగిళ్లకు అమ్ముతుంది. పాత గ్రైండరు మొరాయించడంతో ఎక్కువ చేయలేకపోతోంది. సంఘంలో మాట్లాడుకుని, తరువాతి విడత లింకేజీ రుణంలో ఆమెకు పాతిక వేలు ఇచ్చారు. పెద్ద గ్రైండరు, ఒక చిన్న ఫ్రిజ్ వచ్చాయి. కుర్రాడు బడి పక్కన పుస్తకాల కొట్లో సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా కుదిరాడు. ఆదివారం సెలవు. నెలకు రెండు వేలు. కొట్టు యజమాని మన ఖాతాదారే. రిజిస్టరు పెట్టమని నేనే అడిగాను. నవ్వుతూ ఒక నోటుబుక్కు తీసి గీతలు గీశాడు.

మొదటి మూడు నెలలు ఆ ఇంటికి పాత ఆదాయం రాలేదు. ఒక నెల అద్దె ఆలస్యమైంది. సంక్రాంతి దాటాక పిండి అమ్మకం నిలదొక్కుకుంది. అన్నీ సర్దుకున్నాయని నేను చెప్పను. కానీ కుర్రాడు మొదటి పీరియడ్‌కి బడిలో ఉంటున్నాడు.

మన రాష్ట్రాల్లో ఈ దారి ముందే చూపినవాళ్లున్నారు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ ద్వారా శాంతా సిన్హా గారు, బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్న సూత్రంతో పనిచేశారు. పని మానేసిన పిల్లలను నేరుగా బడికి తోలేయకుండా, శిబిరాల్లో కొన్నాళ్లు చదువు అందించి వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. 2003లో ఆమెకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. తల్లిదండ్రులతో ఓపిగ్గా మాట్లాడితే చాలామంది బడికే పంపుతారని ఆ అనుభవం చెబుతోంది. నాకు ఆ ఓపిక కాస్త ఆలస్యంగా వచ్చింది.

మన ఇళ్లల్లో చేయగలిగినవి

ఇంట్లో శుభకార్యం పెట్టుకుంటే, కేటరరుతో ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి: పద్దెనిమిది నిండనివారిని రాత్రి వడ్డనకు తీసుకురాకూడదు. మెనూ మీద గంటసేపు మాట్లాడతాం కదా, దీనికి ఒక నిమిషం చాలు.

పనిమనిషికి జ్వరమొచ్చి, ఆమె పన్నెండేళ్ల కూతురు అంట్లు తోమడానికి వస్తే, మా ఇంట్లో ఒకప్పుడు ఊరుకున్నాం. "తల్లికి సాయమే కదా" అనుకున్నాం. మన వంటిల్లు ఆ పిల్ల కుటుంబ వ్యాపారం కాదు. ఆ పూట పనిలో పెట్టుకున్నది మనమే అవుతాం. ఆ రోజు మనమే తోముకుందాం, తల్లి జీతం కోయకుండా ఇద్దాం.

మన సొంత పిల్లలు వేసవిలో ఏదైనా కొట్లో కుదురుతానంటే కాదనకండి. వయసు పద్నాలుగు దాటిందా, పని ప్రమాదం లేనిదా, ఏడు లోపు ఇంటికి వస్తారా అని చూడండి. జీతం వాళ్ల ఖాతాలో వేయించండి. సంపాదించిన మొదటి రూపాయి విలువ వాళ్లకూ తెలియాలి.

బ్రాంచిలో ఉన్నవాళ్లు యూనిట్ తనిఖీకి వెళ్లినప్పుడు స్టాకుతో పాటు పనిచేసే చేతులను కూడా చూడండి. మైనరు ఖాతాలో కూలి జమ అవుతుంటే ఒక మాట అడగండి. బెదిరించడానికి కాదు, తెలుసుకోవడానికి.

పిల్లలు ఇబ్బందిలో ఉన్నట్టు కనిపిస్తే 1098కు ఫోను చేయండి. అది పిల్లల సహాయ నంబరు.

మళ్లీ ఆ కుర్రాడి సంగతి

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం ఆ కుర్రాడు స్వీట్ల పొట్లంతో బ్రాంచికి వచ్చాడు. పాసయ్యాడు. పాలిటెక్నిక్‌లో చేరాలని ఉందట. పాస్‌బుక్ ప్రింటు తీయించుకుని, ఖాతాలో ఉన్న తొమ్మిది వేల చిల్లర రెండుసార్లు చూసుకున్నాడు. వెళ్లబోతూ అడిగాడు.

"సార్, వచ్చే శ్రావణానికి నాకు పదహారు నిండుతాయి. అప్పుడు రాత్రి ఫంక్షన్లకు వెళ్లొచ్చా?"

ఈసారి కనుక్కుని చెబుతానని అనాల్సిన పని లేకపోయింది.

"ఇంకా రెండేళ్లు ఆగాలి బాబూ. ఈలోగా రాత్రి ఫంక్షన్లకు వెళ్తే భోజనానికే వెళ్లు."

డిసెంబరులో మా రెండో అమ్మాయి నిశ్చితార్థం. మధ్యాహ్నం భోజనాలే పెట్టుకున్నాం. ఆ కుర్రాణ్ణి, వాళ్లమ్మను పిలిచాం. ఈసారి వాడు బంతిలో కూర్చుంటాడు.